గూట్లో రాజు

"కండ్లు మసకబారినాయి అక్కా. గడులు కనపడటంల్యా. ఇంక ఈ ఆట నావల్ల కాదు."

"పోనీలే నాయనా. ఆటదేముంది, నీ కండ్లు బాగుంటే చాలు. ఆదివారం ప్రార్థనలో చెప్పిస్తాలే."

నేనూ నా తమ్ముడూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. వాడు గిద్దలూరు నుంచి ఫోనులో అన్నాడు, నేను మార్కాపురంలో మా ఇంటి మెట్టు మీద కూర్చుని విన్నాను. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మా మరదలే ఎత్తేది. "ఆయనకు వెలుతురు పడటంల్యా వదినా, పడుకున్నాడు" అనేది. లేపొద్దులే అని నేనే పెట్టేసేదాన్ని.

ఇది నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతకు మించి రాదు. కానీ చదరంగం వచ్చు. ముసలిదానికి చదరంగం ఏందని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

మా నాయన పలకల గనిలో పనిచేసేవాడు. పగిలిపోయి అమ్మకానికి పనికిరాని రాతిపలక ఒకటి ఇంటికి తెచ్చి, దాని మీద మేకుతో గడులు గీశాడు. కాయలు కూడా ఆ రాతి ముక్కలే. గుర్రానికి ఒక మూల చెక్కాడు, ఏనుగును వెడల్పుగా వదిలేశాడు. సాయంత్రం పూట నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆడించేవాడు. అమ్మ కూలికి పోతే తమ్ముణ్ణి చూసుకోవడం నా పని. వాడు ఏడుపు మొదలుపెడితే ఊరుకునేవాడు కాదు. ఏదో ఒకటి ఆడించాలి, ఇంట్లో ఉన్న ఆటవస్తువు అదొక్కటే. నాయన నాకు నేర్పాడు, నేను వాడికి నేర్పాను. వాడి చేతిలో మొదట గుర్రాన్ని పెట్టి, అది ఎట్లా దూకుతుందో వేలు పట్టుకుని చూపించింది నేనే.

మా ఇంటి ఆట ఇప్పుడు ఫోన్లలో ఆడే ఆట లాంటిది కాదు. మా ఆటలో బంటు మొదటి అడుగైనా సరే ఒక్క గడే నడుస్తుంది. రాజూ ఏనుగూ చోటు మార్చుకోవడం అనేది లేదు. దానికి బదులు, ఎదుటివాడు చెక్ చెప్పకముందు, రాజు ఒకే ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. ఎక్కడికి దూకించాలో ఎవరి తెలివి వాళ్ళది. నేనొక దారి కనిపెట్టాను. రాజు వైపు గుర్రానికి ముందుండే బంటును ఒక గడి జరిపి, ఖాళీ అయిన ఆ గడిలోకి రాజును దూకించేదాన్ని. చుట్టూ మనవాళ్ళే ఉంటారు. దానికి గూట్లో పెట్టడం అని పేరు కూడా నేనే పెట్టాను. "రాజును కోడిపిల్లను చేసినావు గదమ్మా" అని నాయన పగలబడి నవ్వాడు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి వాడూ అట్లాగే గూట్లో పెట్టడం మొదలుపెట్టాడు.

వాడు చదువుకుని బడిలో సారు అయ్యాడు. నాకు పెళ్ళయింది. మా ఆయన తాపీ మేస్త్రీ. ఆయనకు చదరంగం గిట్టదు. తమ్ముడు వచ్చి పలక పరిస్తే, "మీ అక్కాతమ్ముళ్ళ కొట్లాట తీరేదాకా నాకు కూడు ల్యా" అని చొక్కా వేసుకుని బయటికి పోయేవాడు.

ఆయన చనిపోయాక ఇంట్లో నన్ను పేరు పెట్టి కసిరే మనిషి లేకుండా పోయాడు. అప్పుడు తమ్ముడే అన్నాడు, "అక్కా, ఫోన్లోనే ఆడుకుందాం. నీ కాడ ఒక బల్ల, నా కాడ ఒక బల్ల" అని. రోజూ సాయంత్రం చేసేవాడు. "ఎడం గుర్రం ముందటి బంటు ఒకటి" అని వాడంటే నేనిక్కడ జరిపేదాన్ని. నా ఎత్తు చెబితే వాడక్కడ జరిపేవాడు. కొన్ని రోజులు ఒక్క ఎత్తుతోనే సరి. మిగతా సేపంతా నేను ఆయన గురించి మాట్లాడేదాన్ని. మాట్లాడుతూ ఏడ్చిన రోజులూ ఉన్నాయి. "ఊ, ఊ" అంటూ వాడు వినేవాడు. ఆ ఫోన్ వచ్చేదాకా పొద్దు గడిచేది కాదు, వచ్చి పోతే నిద్ర పట్టేది. నాకున్నది అదొక్కటే. అందుకే వాడు కండ్లు పోయాయన్నప్పుడు ఆట పోయినందుకు కాదు, వాడి కండ్ల కోసమే ఏడ్చాను.

మా చర్చిలో ప్రార్థన మనవులు అడిగే వేళ లేచి నిలబడి, "నా తమ్ముని కండ్ల కోసం" అనేదాన్ని. ఒక్క ఆదివారం కూడా మానలేదు. బయట చెప్పులేసుకుంటూ ఆడవాళ్ళు అడిగేవాళ్ళు, "మీ తమ్మునికి ఏమన్నా తేడా కనపడిందా పెద్దమ్మా? కనిగిరిలో కండ్ల క్యాంపు పెడతారంట, పంపియ్యరాదా?" అని. పుల్లలచెరువు నుంచి కోడలిగా వచ్చినామె ఒకతి వాడి కోసం ఒక పూట ఉపవాసం కూడా ఉంది. వాడి ముఖం ఎన్నడూ చూసిన మనిషి కాదు ఆమె.

నా కోడలు ప్రైవేటు బడిలో టీచరు. పిల్లలకు చెస్ నేర్పుతుంది. మా వైపు ఊళ్ళ వాళ్ళంతా కలిసి ఫోనులో ఆడుకునే గ్రూపు ఒకటి ఉంటే అందులో చేరింది. అక్కడ అందరికీ పెట్టుడు పేర్లే, ఎవరు ఎవరో తెలియదు. ఒక సాయంత్రం నేను చింతపండు గింజ తీస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తా, ఈయన ఆట కొంచెం చూడు. వారం వారం శానామందిని చితక్కొడతన్నాడు. ఇప్పుడేమో, ర్యాంకులో పైకి పోలేక ఆగిపోయినా, నా ఆట ఎట్లుందో, ఎక్కడ మార్చుకోవాల్నో ఎవరన్నా చెప్పండి అని గ్రూపులో అడిగినాడు. అందరూ నన్ను రాయమంటన్నారు. నాకు ఈయన పట్టు దొరకటంల్యా."

"నన్నెందుకే అడుగుతావు, ఆ ఫోను ఆట నాకు తెలియదు గదా."

"కాయలు అవే గదా. చూడు ముందు."

చేతులు తుడుచుకుని చూశాను. కోడలు ఆయన ఆడిన ఆటలను ఒక్కో ఎత్తూ జరుపుతూ చూపించింది. నిజం చెబుతున్నాను, ఎవరో తెలియకుండానే ఆ మనిషి నాకు నచ్చాడు. తొందర లేదు. బంట్లను ఒక్కో గడి జరిపి గోడ కట్టుకుంటాడు. గుర్రాలను ఇంటి దగ్గరే కట్టేసుకుంటాడు. ఎదుటివాడు మీదికి ఉరికొస్తే తలుపు తీసి రానిచ్చి, లోపలికి వచ్చాక గడియ పెడతాడు. కాయలు తగ్గే కొద్దీ ఈయన బలం పెరుగుతుంది. "ఎవరోగానీ మంచి పెంపకం ఉన్న మనిషి" అన్నాను. కోడలు నవ్వింది. "ఆటలో పెంపకం గూడా కనపడతదా అత్తా?" అంది.

అప్పుడు ఫోనులో ఆయన రాజూ ఏనుగూ చోటు మార్చుకున్నారు. ఆ వెంటనే రాజు ఇంకొక్క అడుగు వేసి, ముందే ఖాళీ చేసి పెట్టిన గడిలో కూర్చున్నాడు.

"ఇదిగో, ఈ అడుగే నాకు అర్థం కాదు" అంది కోడలు. "దండగ అడుగు. అవసరమున్నా ల్యాకపోయినా వేస్తాడు."

"ఇంకో ఆట పెట్టు" అన్నాను.

అందులోనూ అంతే. ఇంకొకటి చూశాను. నల్ల కాయలతో ఆడినా అంతే. మా ఆటలో ఒక్క దూకుతో చేరే చోటికి, ఆ ఆటలో రెండెత్తులు ఖర్చుపెట్టి చేరుతున్నాడు. గూట్లో పెడుతున్నాడు.

ఇది నా తమ్ముడి చెయ్యే అనిపించింది. అయినా మనసు ఒప్పుకోలేదు. పల్లెల్లో ఇట్లాంటి ఆట ఆడేవాళ్ళు ఇంకా ఉంటారు, ఇంకెవరికైనా ఈ ఆలోచన వచ్చి ఉండొచ్చు అనుకున్నాను. "ఆయనకు ఎవరు నేర్పినారో అడుగు" అన్నాను. కోడలు అడిగింది. కాసేపటికి ఆయన రాయకుండా, మాటతోనే జవాబు పెట్టాడు. కోడలు నొక్కగానే మా వరండాలోకి నా తమ్ముడి గొంతు వచ్చింది.

"నాకు నేర్పినోళ్ళంటూ ఎవరూ ల్యారండీ. మా ఇంట్లో ఆడేవాళ్ళే ల్యారు. సొంతంగా నేర్చుకున్నా."

గ్రూపులో ఎవరో కుర్రవాడు అడిగినట్టున్నాడు, ఈ వయసులో అంత చిన్న ఫోనులో అంత వేగంగా ఎట్లా ఆడుతున్నారని. దానికి ఇంకో మాట పెట్టాడు. నవ్వుతూ చెప్పాడు.

"దేవుడి దయ తమ్ముడా, నాకింకా కండ్లద్దాలు గూడా రాలా."

వెనకాల మా మరదలు అన్నానికి పిలుస్తోంది. ఆ పిలుపు కూడా వినపడింది.

కోడలికి వాడి గొంతు తెలుసు. ఫోను బోర్లా పెట్టేసింది. "ఏంది అత్తా ఇది? ఇప్పుడే ఫోన్ చేసి దులిపెయ్యి. నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా" అంది. నేను చింతపండు ముందర పెట్టుకుని మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టాను. ఏం చేయాలో తెలియక ఆ పని చేశాను.

విసుగొచ్చింది అక్కా, అని ఉంటే సరిపోయేది. నీ ఆట నిదానం, నీ ఏడుపు ఎక్కువ, నాకు వేగంగా ఆడేవాళ్ళు దొరికారు అని ఉంటే రెండు రోజులు మూతి ముడుచుకుని మూడో రోజు మామూలయ్యేదాన్ని. ఎన్ని మాటలు పడలేదు నేను! కానీ వాడు కండ్లను అడ్డం పెట్టుకున్నాడు. పెళ్ళాం చేత కూడా అబద్ధం ఆడించాడు. అదీ మింగుదును. ఇంట్లో ఆడేవాళ్ళే లేరన్నాడు చూడండి, అది మింగుడు పడటం లేదు. నాయనను లేకుండా చేశాడు, నన్ను లేకుండా చేశాడు. నేను నేర్పిన గూట్లోనే రాజును కూర్చోబెట్టుకుని నేర్పినవాళ్ళు లేరంటాడు.

ఆ ఆదివారం చర్చికి పోకుండా ఉండాలనుకున్నాను. పోకపోతే ఇంటికే వచ్చి అడుగుతారు. పోయాను. మనవులు అడిగే వేళ నేను లేవలేదు. పాస్టరు గారే అడిగారు, "ఏందమ్మా, మీ తమ్ముని సంగతి చెప్పలా?" అని. అందరూ నా వైపు తిరిగారు. ఉపవాసం ఉన్నామె కూడా తిరిగింది. ఏమని చెప్పను? లేచి నిలబడి, "మా తమ్ముని కండ్లకు ఏ లోపమూ ల్యా అయ్యా, బాగున్నాయి" అన్నాను. అది నిజమే కదా. ఒక్కసారిగా అందరూ స్తోత్రం అన్నారు. చప్పట్లు కొట్టారు. ఉపవాసం ఉన్నామె కండ్లు తుడుచుకుంటూ వచ్చి నన్ను కౌగిలించుకుంది. సొంత తమ్ముడు అబద్ధమాడితే, దేవుడి ముందు అది అద్భుతమైపోయింది. వాడి అబద్ధానికి నా చేత సాక్ష్యం చెప్పించినట్టయింది. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

మరుసటి రోజు కోడలిని పిలిచి, "వాడు అడిగినదానికి జవాబు నేనిస్తా, రాసుకో" అన్నాను. తిట్లు రాయిస్తాననుకుందేమో, భయపడుతూనే కూర్చుంది. నేను తిట్టలేదు. ఆట విషయంలో నాకు అబద్ధం చెప్పడం రాదు. ఓర్పు గల ఆట అని రాయించాను. చివరి బంట్ల నడకలో ఆ గ్రూపులో ఆయనను మించినవాళ్ళు లేరని రాయించాను. తర్వాత మార్చుకోవలసినవి చెప్పాను. ఈ ఆటలో బంటు మొదటిసారి రెండు గడులు నడవొచ్చు, నడవాలి. ఎప్పుడూ ఒక్క అడుగేనని భయపడి కూర్చుంటే బలమైనవాడు నడిమి భాగమంతా ఆక్రమిస్తాడు, ఆయన పైకి పోలేక ఆగిపోయింది అక్కడే. ఓడిపోతున్నప్పుడు ఓడానని ఒప్పుకోవడం లేదు, ఏ ఎత్తూ వేయకుండా గడియారంలో టైము అయిపోయేదాకా ఎదుటివాణ్ణి కూర్చోబెడుతున్నాడు. అది ఆట కాదు, అది మానుకోవాలి.

ఆఖరున గూడు సంగతి. రాజు గూట్లో కూర్చుంటే, ఏటవాలుగా నడిచే శకటుకు అటు మూల నుంచి నేరుగా దారి దొరుకుతుంది. శకటు వెనకే మంత్రిని నిలబెడితే రాజుకు ఊపిరాడదు. నిదానంగా నడిచే పాత ఆటలో ఆ గూడు పనికొచ్చింది, ఈ ఆటలో పనికిరాదు. రాజు ఏనుగు పక్కకు చేరాక అక్కడే ఉండాలి. గూట్లో పెట్టొద్దు.

కోడలు కలం ఆపింది.

"అత్తా, గూడు అనే మాట తీసేద్దామా? ఆ పేరు మీ ఇంట్లో తప్ప ఎక్కడా ల్యాదంటివి గదా. అది చదివితే ఎవరు చెప్పినారో నీ తమ్మునికి తెలిసిపోతది."

అదే నేనూ ఆలోచిస్తున్నాను. ఆ ఒక్క మాట తీసేస్తే వాడు నాకు కండ్లు మసకబారిన తమ్ముడిగానే ఉంటాడు. ఏదో ఒక రోజు, కండ్లు నయమైనాయి అక్కా, మళ్ళీ ఆడదాం అని ఫోన్ చేయడానికి దారి ఉంటుంది. వాడు చెప్పే ఆ రెండో అబద్ధం కూడా నేను సంతోషంగా నమ్మేయొచ్చు. ఆ మాట ఉంచితే నాకు తెలిసిపోయిందని వాడికి తెలుస్తుంది. సిగ్గుపడి ఫోన్ చేయొచ్చు. ఆ సిగ్గుతోనే ఇక ఎప్పటికీ చేయకపోవచ్చు. వాణ్ణి పెంచినదాన్ని, చేయడనే నాకు అనిపిస్తోంది.

ఈ రెండు రోజులూ తీసెయ్యాలా, ఉంచాలా అని నలిగిపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఉంచు. వాడు లేరన్న మనిషిని నేను. ఉన్నానని చెప్పడానికి నా దగ్గర వేరే మాట లేదు.

ఆ జవాబు ఇంకా పంపొద్దు. ముందు ఇప్పటిదాకా చెప్పినదంతా మొదటి నుంచి చదివి వినిపించు తల్లీ. నువ్వు బడిలో చెప్పినట్టు దిద్దకుండా నా మాటలు నా మాటల్లాగే రాసినావో లేదో వింటాను. కొంచెం గట్టిగా చదువు. గూడు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నా ముఖం చూడొద్దు, చదువుకుంటూ పో.