దానయ్య నంబరు

తార్నాకలో మా మేడమీద గదిని పరుశురాంకి అద్దెకిచ్చినప్పుడు చుట్టుపక్కలవాళ్లు నన్ను తిట్టిపోశారు. మాది తెనాలి, అతను తెలంగాణ ఉద్యమంలో తిరిగే కుర్రాడు. కోరి కొంపమీదికి తెచ్చుకుంటున్నావు సుబ్బలక్ష్మీ అన్నారు. నా ఇల్లు, నా ఇష్టం అన్నాను. పరుశురాం ఎప్పుడైనా గొంతెత్తి మాట్లాడితే ఒట్టు, అంత నెమ్మదస్తుడు.

మైకు పట్టుకుంటే మాత్రం వేరే మనిషి. ఓసారి యూనివర్సిటీ లోపలినుంచి నడిచొస్తూ, అతని సభ జరుగుతుంటే ఆ జనంలో నిలబడిపోయాను. ఆ ఉద్యమం నాకు గిట్టేది కాదు, అయినా ఒళ్లు జలదరించింది. చివర్లో ఎప్పుడూ ఒకే మాట అడిగేవాడు, తెలంగాణ కోసం ప్రాణమిస్తరా అని. ఇస్తం అంటూ పిల్లలంతా పిడికిళ్లెత్తేవారు. అప్పట్లో అందరూ ఉపన్యాసాన్ని అలాగే ముగించేవారు. చప్పట్ల కోసం అడిగే మాటని ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాం.

ఐలేష్ అనే ఎమ్మే కుర్రాడు పట్టించుకున్నాడు. ఆ సభ జరిగిన వారం తిరక్కుండానే ప్రాణం తీసుకున్నాడు. అందరిముందూ మాటిచ్చాను కదా అని హాస్టల్లో స్నేహితుడితో అన్నాడట.

దినాలయ్యాక తండ్రి దానయ్య మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పరుశురాం మేడ దిగి వచ్చాడు. కొడతాడేమోనని నేను అడ్డంగా నిలబడ్డాను. దానయ్య కొట్టలేదు, తిట్టలేదు. మెట్లమీద కూర్చుని భుజంమీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ దినం మావోనికి ఏం చెప్పినవో నాకు గూడ చెప్పు బిడ్డా. నా చెవుల్తోని ఇంట."

వేలమంది ముందు తడబడనివాడు ఆ మెట్ల కింద నేలమీద కూలబడ్డాడు. కొట్టినా బాగుండేది. చాలాసేపు ఎదురుచూసి, నేనిచ్చిన కాఫీ ముట్టకుండానే దానయ్య వెళ్లిపోయాడు.

సంతాపసభకి నేనూ వెళ్లాను, ఎవరేమనుకుంటే నాకేం. పరుశురాం మైకు ముందుకి రాగానే అలవాటుకొద్దీ పిడికిళ్లు లేచాయి. దించమన్నాడు.

"ఐలేష్‌ను నా మాటే తీస్కపోయింది. ఇగ ఆ మాట అడగ. ఫోన్లు తియ్యుండ్రి. బతికుండి కొట్లాడుతం అని ఇంటికి చెప్పుండ్రి. ఇంట్ల ఎవ్వలు లేనోళ్లకు ఐలేష్ నాయిన దానయ్య నంబరిస్త, ఆయిన సరే అన్నడు."

ముందు ఎవరూ కదల్లేదు. పిరికోడు అని ఎవడో అరిచాడు, వాడి నోరు పడిపోను. నా పక్కనున్న అమ్మాయి ఫోన్ తీసి, అమ్మా అని బావురుమంది. ఆమెని చూసి పక్కవాళ్లు, వాళ్లని చూసి ఇంకొందరు. తరవాత అక్కడ వినపడినవన్నీ అమ్మలూ నాయినలే.

పరుశురాం మళ్లీ మైకు పట్టలేదు. బతిమాలారు, ద్రోహి అన్నారు, చివరికి మరిచిపోయారు. ఇంటికి ఫోన్ చెయ్యమన్న మాట మాత్రం హాస్టళ్లలో ఉండిపోయింది. ఎవరైనా దిగాలుగా కనిపిస్తే, ఇంటికి చేసినవా అని అడగడం అలవాటైంది.

రాష్ట్రం వచ్చిన రోజు తార్నాకంతా రంగులు, డప్పులు. పరుశురాం మెట్లమీద కూర్చుని దానయ్యకి ఫోన్ చేశాడు. డప్పుల మోతలో వినపడక స్పీకర్ పెట్టాడు.

"పొద్దుగాల్ల సంది ఫోను మోగుతనే ఉన్నది బిడ్డా. నిన్నెన్నడు సూడని పోరగాండ్లు గూడ చేస్తున్నరు. మంచిగనే ఉన్నది," అన్నాడు దానయ్య. "మోగినప్పుడల్ల మావోడే అనుకుంట."