నాలుగు జవాబులూ రైటే

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా వీధి పిల్లల్లో ఇంగ్లీషంటే భయం లేనిదాన్ని నేనొక్కదాన్నే. ఇంగ్లీషు బాగా వచ్చి కాదు, అది రాకుండానే మార్కులు తెచ్చుకునే దారి దొరికింది కాబట్టి. పరీక్షలో ఒక పాసేజ్ ఇచ్చి, కింద ఐదు ప్రశ్నలు అడిగేవారు. నేను పాసేజ్ జోలికే పోయేదాన్ని కాదు. ముందు ప్రశ్న చూసి, అందులోని పెద్ద మాటను పట్టుకుని, అది పాసేజ్‌లో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేసేదాన్ని. ఎప్పుడు అని అడిగితే వారమో నెలో ఎక్కడుందో చూసేదాన్ని. ఎవరు అని అడిగితే పెద్దక్షరంతో మొదలయ్యే మాట కోసం వెతికేదాన్ని. మా అయ్యవారు వరసగా టిక్కులు పెట్టి ఐదుకు ఐదు వేసేవారు. పదో తరగతికి వచ్చేసరికి ఇంగ్లీషులో నేనే క్లాసు ఫస్టు, నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

మొన్న మా మనవరాలు ఫోన్లో ఇలాంటి పాసేజ్‌లే చేస్తూ కనిపించింది. చైనాలో హైస్కూలు పిల్లల కోసం తయారుచేసినవట, ఎవరో నెట్‌లో పెట్టారట. పులివెందులలో మంచం మీద పడుకుని చైనా పిల్లల పాఠం చదువుతోందని ముచ్చటేసింది. కాసేపు పక్కన కూర్చుని చూశాక ఆ ముచ్చట కాస్తా పోయింది. ముందు ప్రశ్న, తర్వాత వెతుకులాట, నాలుగు నిమిషాల్లో పాసేజ్ అయిపోయింది. అచ్చం నా పద్ధతే. అక్కడి పిల్లలు కూడా ఇలాగే చేస్తుంటారని నాకు గట్టి అనుమానం. ఫోన్ పక్కన పెట్టమని దానికి చెప్పిందే ఇప్పుడు రాస్తున్నాను.

మా పక్కింట్లో ఒక ముస్లిం అక్క ఉండేది. కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికీ జాకెట్లు, లంగాలు కుట్టేది. పుట్టిల్లు జమ్మలమడుగు. అక్కడ ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది, ఇంట్లో ఉర్దూ నేర్చుకుంది. ఇంగ్లీషులో అక్షరాలు తప్ప ఇంకేమీ తెలియదు. అక్క భర్తను నేను బావా అని పిలిచేదాన్ని. ఆయన కువైట్‌లో ఇనుప తలుపులు చేసే షెడ్డులో పనికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. వాళ్ళకు మూడేళ్ళ పాప, అయినా అక్క నన్నూ పాపా అనే పిలిచేది. నెలకొక ఉత్తరం ఉర్దూలో వచ్చేది. నేను పదో తరగతికి వచ్చిన వేసవిలో మాత్రం రెండు నెలలు ఏమీ రాలేదు. వీధి మొదట్లో పోస్టుమ్యాన్ బెల్లు వినిపిస్తే అక్క మిషను ఆగిపోయేది.

ఎట్టకేలకు ఒక కవరు వచ్చింది. లోపల టైపు కొట్టిన ఇంగ్లీషు కాగితం, నిండా ఒక పేజీ. అక్క దాన్ని పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. "పాపా, బావ ఎప్పుడొస్తాడో ఉందేమో సూడు" అంది.

అక్క ఎప్పుడు అని అడిగింది. అంతే, నాకు అది ప్రశ్న అయిపోయింది, కాగితం పాసేజ్ అయిపోయింది. నా కళ్ళు తెలిసిన మాటల కోసం పరుగెత్తాయి. ఒకచోట 'హీ వాజ్ ఆస్క్‌డ్ టు లీవ్' అని ఉంది. ఆస్క్ అంటే అడగడం. లీవు అంటే ఏమిటో చెప్పడానికి ఇంగ్లీషు చదవాల్సిన పని కూడా లేదు, మా ఊళ్ళో మిల్లు కూలీ దగ్గర నుంచి తాసిల్దారు దాకా అందరూ పెట్టేది లీవే. కింద ఇంకోచోట 'బిఫోర్ ది ఎండ్ ఆఫ్ దిస్ మంత్' అని ఉంది. నెలాఖరు లోపల అని. రెండూ కలిపి ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. బావ లీవు అడిగాడు, నెలాఖరు లోపల వస్తున్నాడు. మిగిలిన పేజీలో ఏముందో చూడాలని కూడా నాకు తోచలేదు.

అక్క నన్ను గట్టిగా దగ్గరికి తీసుకుంది. మరునాడు సేమ్యా పాయసం పంపింది. ఆ వారంలోనే గోడలకు సున్నం కొట్టించింది, పాపకు కొత్త గౌను కుట్టింది, జమ్మలమడుగుకు కబురు పెట్టింది. వీధిలో ఎవరు కనిపించినా నన్నే మెచ్చుకునేవారు. బావను నేనే విమానమెక్కించి తీసుకొస్తున్నంత గొప్పగా తిరిగాను.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అక్క నన్ను పిలిచి మిషను పక్కన కూర్చోబెట్టుకుంది. మొహంలో పాత నవ్వు లేదు. "పాపా, శానా దినాల నుంచి ఒకటే ఆలోచన చేస్తాండా. మీ బావకు ఉర్దూ రాయను వస్తాది. వస్తానని ఆయప్పే రాయొచ్చు గదా. ఆఫీసోల్లు ఏంటికి రాస్తారు? కాగితం సూస్తే ఇంత పొడుగుండాది, నువ్వు చెప్పింది రెండు ముక్కలు" అంది.

నాకు కోపం వచ్చింది. ఇంగ్లీషు రాని మనిషి క్లాసు ఫస్టును తప్పు పట్టడమా అనిపించింది. అందులో ఉన్నదే చెప్పానని మూతి ముడుచుకున్నాను. అక్క కొలతలు రాసుకునే చీటీ ఒకటి తిప్పి, వెనక తెలుగులో ఏదో రాసింది. మధ్యమధ్యలో ఆగి కప్పు వైపు చూస్తూ చాలాసేపు రాసింది. తర్వాత నా చేతికిచ్చి, కింద ప్రశ్నలకు జవాబులు రాయమంది.

ఆ చీటీలో ఉన్నది నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'గొమిలి జిమకలు పొద్దున్నే మూడు టొరుపులు పుంచుతాయి. టొరుపు పుంచని జిమకను డెప్పిలో వేస్తారు. డెప్పి నిండితే జిమకలకు సిలుకం వస్తుంది.' ఉర్దూ మాటలేమో అనుకున్నాను. అయినా నాకేం, ప్రశ్నలు ఉన్నాయి కదా. జిమకలు ఎన్ని టొరుపులు పుంచుతాయి? మూడు. ఎప్పుడు పుంచుతాయి? పొద్దున్నే. టొరుపు పుంచని జిమకను ఎక్కడ వేస్తారు? డెప్పిలో. సిలుకం ఎప్పుడు వస్తుంది? డెప్పి నిండితే. నిమిషంలో రాసిచ్చి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూశాను.

అక్క ఒక్కొక్కటే చూసి నాలుగింటికీ టిక్కు పెట్టింది. "నాలుగూ రైటే" అంది. తర్వాత మెల్లగా అడిగింది. "జిమక అంటే ఏంది పాపా?"

నాకు తెలియదు. టొరుపు అంటే ఏమిటని అడిగింది. అదీ తెలియదు. సిలుకం వస్తే జిమకకు మంచిదా చెడ్డదా అని అడిగింది. చీటీ మళ్ళీ మొదట్నుంచి చూశాను, అందులో ఆ సంగతి లేదు.

"నాకూ తెల్దు. ఇప్పుడే పుట్టించినా" అంది అక్క. "అర్థమే ల్యాని దానికి నాలుగు జవాబులు రాస్తివి, అన్నీ రైటైనాయి. బావ కాగితం గూడ ఇట్లనే సదివినావేమో అని నా బయం."

ఆ మాటలో తిట్టు లేదు. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళ నా ఐదుకు ఐదులు, టిక్కులు, క్లాసు ఫస్టు, అన్నీ ఆ చీటీ ముందు గాలికి పోయాయి. ఏడుపు వచ్చింది. లేచి ఇంటికి పారిపోదామనుకున్నాను. అక్క నా చెయ్యి వదల్లేదు. బావ కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పెద్దవాళ్ళెవరి దగ్గరికైనా తీసుకుపొమ్మన్నాను. "రేపు తీసకపోతా. ఈపొద్దు మాత్రం నువ్వే సదువు. మొదట్నుంచి సదువు. తెలీని మాట వస్తే తెలీదు అను, నేనేమనను" అంది.

అప్పుడు మొదలుపెట్టాం. అక్క తన గుడ్డల మీద గీతలు గీసే నీలం సుద్ద నా చేతికిచ్చి, తెలియని ప్రతి మాట కిందా గీత గీయమంది. గీస్తూ పోతే నాకే భయం వేసింది. పావు వంతు పేజీ నీలమైపోయింది. నా దగ్గర చిన్న డిక్షనరీ ఒకటి ఉండేది, కొన్నాక పెద్దగా తెరిచింది లేదు. ఆ మధ్యాహ్నం దాని అట్ట ఊడిపోయేదాకా తిప్పాను. అక్క ఒక్క కుట్టు కూడా వేయలేదు. నేను ఒక వాక్యానికి అర్థం చెబితే, దాన్ని తెలుగులో తన మాటల్లో తిరిగి చెప్పేది. అలా చెప్పినప్పుడు అతకకపోతే నన్ను మళ్ళీ వెనక్కి పంపేది. ఒక్కో వాక్యం మూడుసార్లు, నాలుగుసార్లు. నాకు విసుగొచ్చి డిక్షనరీ విసిరికొడితే, తనే లేచి తెచ్చి మళ్ళీ నా ముందు పెట్టింది. పట్టు వదిలే మనిషి కాదు. సాయంత్రానికి నాకు కూడా ఆ మొండితనం అంటుకుంది.

అసలు సంగతి ఒక్కొక్క వాక్యంగా బయటపడింది. షెడ్డులో ఇనుప రేకు జారి బావ కుడి చేతి మీద పడింది. ఆయన కట్టు కట్టుకుని అలాగే పనిచేస్తుంటే, షెడ్డు వదిలి వెళ్ళమన్నారు, ఆసుపత్రిలో చేర్చారు. నేను లీవు అడిగాడని చెప్పిన వాక్యం అదే. 'అడ్మిటెడ్' అనే మాట నాకు బడి అడ్మిషన్ల వల్ల తెలుసు. మనుషుల్ని ఆసుపత్రిలో కూడా అడ్మిట్ చేస్తారని ఆ రోజు తెలిసింది. ఆ సంగతి చదివినప్పుడు అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ చేత్తో ఉత్తరం ఎందుకు రాలేదో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

చివరి వాక్యం దగ్గర నేను మళ్ళీ తప్పు చేయబోయాను. ఆపరేషన్‌కు మీ అంగీకారం నెలాఖరు లోపల మాకు అందింది అని చెప్పాను. అక్క తిరిగి చెప్పుకుని చూసింది. అతకలేదు. తను ఏ అంగీకారమూ పంపలేదు కదా. కాగితం మీదికి వంగి వాక్యం మొదట్లో నీలం గీత ఉన్న చిన్న మాట మీద వేలు పెట్టింది. "దీన్ని ఇడిసిపెట్టినావు" అంది. 'అన్‌లెస్'. డిక్షనరీలో చూశాను. అలా జరిగితే తప్ప, లేకపోతే. నెలాఖరు లోపల మీ అంగీకారం అందకపోతే ఆపరేషన్ చేయించకుండా ఆయన్ను ఇంటికి పంపేస్తాం, అలా పంపితే ఆ చెయ్యి ఇక పనికిరాకపోవచ్చని డాక్టరు అంటున్నాడు. బావ భయపడి తానుగా ఒప్పుకోవడం లేదు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాం.

నెలాఖరుకు నాలుగు రోజులుంది. బావ వస్తాడని గోడలకు సున్నం కొట్టించి ఎదురుచూసిన ఆ గడువు, బావ చేతి గడువు. నా వల్ల అక్క రెండు వారాలు పోగొట్టుకుంది. నేను ఆ మాట అనబోతే అక్క వినలేదు, కళ్ళు తుడుచుకుని పాపను చంకనెత్తుకుంది. "జవాబెట్ల రాయాలో అది సూడు" అంది.

మరునాడు పోస్టాఫీసు తలుపులు తీసేసరికి మేం ముగ్గురం అక్కడున్నాం. కౌంటర్లో ఉన్న పెద్దాయనకు ముందు కాగితం చూపించి, నేను అర్థం చెప్పి, సరిగ్గా ఉందా అని అడిగాను. ఆయన నీలం గీతలు చూసి కళ్ళద్దాలు సవరించుకుని, మొత్తం చదివి, "సరిగ్గానే సదివినావే అమ్మణ్ణీ" అన్నారు. ఆపరేషన్ చేయండి, భార్య ఒప్పుకుంటోంది, అని ఇంగ్లీషులో టెలిగ్రాం రాసింది నేనే. దించి రాయకుండా నా అంతట నేను రాసిన మొదటి ఇంగ్లీషు అది. అక్క కింద తన పేరు ఉర్దూలో రాయబోతే, టెలిగ్రాంలో ఇంగ్లీషే పోతుందని చెప్పారు. అప్పుడు అక్షరం అక్షరం కూడబలుక్కుని తన పేరు తనే ఇంగ్లీషులో రాసింది.

టెలిగ్రాం అందింది. ఆపరేషన్ అయింది. మూడు నెలలకు బావ వచ్చాడు. కుడి చేతి చూపుడు వేలు వంగదు గానీ, మిగిలిన చెయ్యి బతికింది. వచ్చిన రోజు ఆయన ఆ చేత్తోనే పాపను ఎత్తుకుంటుంటే నేను మా గడపలో నిలబడి చూశాను. దగ్గరికి వెళ్ళడానికి సిగ్గేసింది. వీధిలో మరెవరికీ తెలియదు, నేను మొదట ఏం చదివానో. అక్క ఎవరికీ చెప్పలేదు. బావకు చెప్పిందో లేదో కూడా నాకు తెలియదు.

ఆ తర్వాత నేను ఇంగ్లీషు కసిగా చదివాను. రోజుకొక పేజీ, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, తెలియని మాట కింద గీత. పరీక్షల్లో ముందు మార్కులు తగ్గాయి, ఎందుకంటే పాసేజ్ చదువుతూ కూర్చుంటే టైము చాలేది కాదు. అయినా పాత దారికి పోలేదు. చివరికి ఇంగ్లీషు టీచరునే అయ్యాను. తొండూరులో, మైలవరంలో, పులివెందులలో పనిచేసి రిటైరయ్యాను.

కానీ నన్ను టీచరును చేసింది ఆ చీటీ ఒక్కటే కాదు. బావ వచ్చిన ఆర్నెల్లకు కువైట్ నుంచి ఇంకో ఇంగ్లీషు కాగితం వచ్చింది. ఈసారి బావే ఇంట్లో ఉన్నాడు, ఊళ్ళో ప్లీడర్లున్నారు, పోస్టాఫీసు పెద్దాయన ఉన్నారు. అక్క వాళ్ళెవరి దగ్గరికీ పోలేదు. కవరు చింపకుండా మా గడప ఎక్కి నా చేతికిచ్చి, ఎంతసేపైనా పర్వాలేదని నా ఎదురుగా కూర్చుంది. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకున్నాను. మొదటి మాట నుంచి చదివాను.

బళ్ళో పాఠం చెప్పినన్నాళ్ళూ, తప్పు చదివిన పిల్లను కూర్చోమని చెప్పి పక్క పిల్లను లేపడం నాకు చేతకాలేదు. క్లాసంతా ఆగినా సరే, గంట కొట్టినా సరే, ఆ పిల్ల చేతికే పుస్తకం మళ్ళీ ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాను.