మగ్గం మీద ఆగిన చీర

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చీర దగ్గర మొదలుపెడుతున్నాను.

మాది పోచంపల్లి. నాయిన, నేను, తమ్ముడు ముగ్గురమూ నేసేవాళ్లం. తమ్ముడు ఇంటర్ అయ్యాక పట్టుబట్టి మిలిటరీలో చేరాడు. సెలవులో వచ్చినా మగ్గం వదిలేవాడు కాదు. ఆఖరుసారి వచ్చినప్పుడు నాకోసం ఒక చీర మొదలుపెట్టాడు. ఎర్ర చీర మీద తెల్ల చిలుకలు. సగం అయ్యేసరికి సెలవు అయిపోయింది.

“వచ్చే సెలవుల నేసి దించుత అక్కా. ఎవ్వల్నీ ముట్టనియ్యకు,” అన్నాడు.

“నువ్వొచ్చేసరికి నేను ముసల్దాన్నయిత.”

“అయితే ఏంది? ముసలమ్మకు గూడ ఎర్ర చీర మంచిగనే ఉంటది.”

మా ఇంట్లో ఒకరు మొదలుపెట్టిన చీరను ఇంకొకరు ముట్టరు. ఒక్కొక్కరి చేతి దెబ్బ ఒక్కో తీరుగా ఉంటుంది, అతుకు తెలిసిపోతుంది.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. సరిహద్దులో బాంబు పేలి తమ్ముడికి దెబ్బ తగిలిందని. వాడి పక్కనున్న ఇద్దరూ బతకలేదట. నెలల తరబడి ఎక్కడో దూరాన దవాఖానలో ఉన్నాడు. నాయిన పోతానంటే వాడే రానివ్వలేదు. “చెయ్యికి తాకింది, మానుతాంది. ఫికర్ చెయ్యకుండ్రి,” అని ఫోన్‌లో అనేవాడు.

ఆ మగ్గం అలాగే ఉంచాం. రోజూ దుమ్ము దులిపి గుడ్డ కప్పేదాన్ని. మగ్గానికి నిలువునా బిగించిన ఆ పడుగు పోగులు కోస్తే వాడికి ఏమవుతుందోనని భయం.

వాడు బస్సు దిగిన రోజు చూశాను. కుడివైపు చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి పిన్ను పెట్టి ఉంది. నాయిన సంచి అందుకోబోయి, ఏ పక్కన నిలబడాలో తెలియక ఆగిపోయాడు.

“గట్ల చూస్తరేంది? పానం ఉన్నది గద,” అన్నాడు తమ్ముడు.

మూడో రోజు నేనే తప్పు చేశాను. వాడు లేచేసరికి మగ్గం మీది గుడ్డ తీసి బొట్టు పెట్టాను. చీరను చూస్తే మనసు నిమ్మళపడుతుందనుకున్నాను. వాడు చాలాసేపు చూసి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. తొక్కడం కాళ్లు మరవలేదు. ఎడమచేత్తో, పోగును దగ్గరికి కొట్టే పలక పట్టుకున్నాడు. అడ్డపోగును మోసే నాడెను పరుగెత్తించే తాడు మాత్రం కుడిచేత్తో లాగాలి. అది ఊరికే వేలాడుతోంది.

“అక్కా, జర గుంజు.”

నేను గట్టున కూర్చుని గుంజాను. వాడు తొక్కి, పలక కొట్టేవాడు. చిలుకల రంగు ముందే పోగులకు అద్ది ఉంటుంది, పోగు పోగుకూ చిలుక కుదిరేటట్టు వేళ్లతో సర్దాలి. దానికీ ఆ ఒక్క చెయ్యే. నాలుగు వేళ్ల మేర నేసేసరికి మధ్యాహ్నం అయింది. చిలుక ముక్కు ఒక దిక్కు, తల ఒక దిక్కు పడ్డాయి.

“గిది చిలుకనా, కాకినా?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. అంతలోనే మడిచిన చొక్కా చెయ్యి తాడు వైపు రెండుసార్లు లేచింది. వాడూ చూసుకున్నాడు.

“నాయినా, నువ్వే నెయ్యి. నాతోని కాదు,” అని గుంటలోంచి లేచాడు. మళ్లీ అందులో దిగలేదు.

ఎన్నడూ ఇంకొకరి చీర ముట్టని నాయిన, తలెత్తకుండా కూర్చుని మిగతాది నేశాడు. తమ్ముడు నేసిన ఆ నాలుగు వేళ్ల మేర విప్పి మళ్లీ నేయవచ్చు. నాయిన విప్పలేదు. నేనూ అడగలేదు.

చీర దించిన రోజు తమ్ముడు ఎడమచేత్తో తడుముతూ చిలుక చెదిరిన ఆ చోటు పట్టుకున్నాడు.

“ఇది లోపలికి పోయేటట్టు కట్టుకో అక్కా. నలుగురికి కనబడొద్దు.”

అలాగే కడుతున్నాను. కుచ్చిళ్లు పోసేటప్పుడు ఆ చిలుకలను లోపలికి మడుస్తాను. ఎదురుగా వాడుంటే ఒకసారి నా కుచ్చిళ్ల వైపు చూస్తాడు. కనబడటం లేదని తెలిశాక బయటికి వెళ్లిపోతాడు.