టైర్ల షాపుకు డాన్స్ నేర్పిన రోజులు

బడి, పెళ్ళి, పరామర్శ, చాలావరకు ఫోన్లోనే జరిగిపోతున్న ఆ రోజుల్లో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. మొదటి జీతం ఎవరికైనా గుర్తుంటుందంటారు. నాకు మాత్రం మొదటి అవమానమే బాగా గుర్తుంది. (రెండోదీ మూడోదీ కూడా గుర్తున్నాయి. అడిగితే ఏ వారం, ఏ పూటో కూడా చెప్పగలను.) వనపర్తిలో షుగర్ ఉన్నవాళ్ళకు సాయం చేసే చిన్న సంస్థ అది. దానికి పెద్దగా ఉన్నాయనను మేం చాటుగా ఫొటో సార్ అనేవాళ్ళం. ఫొటో లేని పని ఆయన లెక్కలో జరగని పని. కొత్తకోటలో హైవే వెనక గల్లీలో చాలామంది ముస్లిం ఆడవాళ్ళకు షుగర్ ఉందని తేలింది. డాక్టరేమో రోజూ నడవమంటాడు. హైవే మీద నడుద్దామంటే లారీలు, గల్లీలో నడుద్దామంటే అరుగుల మీద మగవాళ్ళు. అందుకని ఇంట్లోనే తలుపేసుకుని, ఫోన్ ముందు పెట్టుకుని డాన్స్ చేసే క్లాసు ఒకటి పెట్టాలనుకున్నారు. నేర్పేదెవరు అన్నప్పుడు సార్ గదంతా కలియజూసి నా దగ్గర ఆగాడు. "నువ్వు చెయ్యమ్మా. నీకు ఇంకో పనేం రాదు గదా."

అది మొదటిది. ఆ రోజు సోమవారం.

నాకున్న అర్హతల్లా బడి వార్షికోత్సవంలో మూడో వరసలో ఒకసారి నిలబడటమే. అయినా పంతం కొద్దీ ఒప్పుకున్నాను. రోజూ పదింటికి, మగవాళ్ళు షాపులకు పోయాక, ఆఫీసు సామాన్ల గదిలో మందుల అట్టపెట్టెల మధ్య నిలబడి మొదలుపెట్టేదాన్ని. ఇళ్ళలో మిగిలే పాత ఫోన్లన్నీ షాపుల పేర్ల మీద ఉండేవి. కెమెరాలు ఎవరూ తెరిచేవారు కాదు. దాంతో నా ఎదురుగా నాలుగు నల్లటి గళ్ళు, వాటి మీద పేర్లు: టైర్ వర్క్స్, చికెన్ సెంటర్, పంక్చర్ షాప్, వెల్డింగ్. "చికెన్ సెంటర్, చేతులు పైకెత్తాలి. వెల్డింగ్, నడుం వంచాలి" అని నేను చెమటలు కక్కుతుంటే ఏ గడీ కదిలేది కాదు. టైర్ వర్క్స్‌లోంచి ఒక్క గొంతు మాత్రం వినిపించేది. ఆవిడను నేను ఖాలా, అంటే పిన్ని, అనేదాన్ని. కాలి పుండు నెలల తరబడి మానక, ఈమధ్యే మళ్ళీ అడుగులేస్తున్న మనిషి.

వారం తిరక్కుండానే ఆవిడ నా డాన్స్‌కు తీర్పు చెప్పేసింది. "బేటీ, గీ దుంకుడు మాతోని కాదు. మోకాళ్ళు పోతయి. మా పెండ్లిండ్ల హల్దీ నాడు ఢోలక్ కొట్టుకుంట ఆడోళ్ళం ఆడుతం సూడు, గది పెట్టు. పొద్దంత ఆడతం."

"నాకు రాదు ఖాలా."

"రాకుంటే నేర్సుకో. కుడికాలు ముందలికి, రెండు చప్పట్లు, జర వంగి సుట్టు తిరుగు. గంతే. టీచర్‌వి గదా, పరేషాన్ ఎందుకు?"

(దీన్నీ నేను మరిచిపోలేదు, కానీ ఖాలాను క్షమించాను.) మర్నాటి నుంచి ఆవిడ పాడుతూ అడుగులు చెప్పేది, నేను చూడకుండానే వాటిని పట్టుకుని తిరిగి నల్లటి గళ్ళకు నేర్పేదాన్ని. అవతల ధనాధన్ చప్పుడు వినిపించేది. ఏంటది అంటే "బాసన్లు, గిన్నెలు కదుల్తున్నయి బేటీ, నువ్వు కానియ్యి" అనేది.

రెండో నెలలో సార్ గదిలోకి తొంగిచూసి, తెర మీది పేర్లు ఒక్కొక్కటీ గట్టిగా చదివాడు. "ఏందమ్మా గిది, టైర్ల షాపుకు డాన్స్ నేర్పుతున్నవా? గద్వాలోళ్ళు బ్యానర్ కట్టి వాకింగ్ ఫొటోలు పంపుతుండ్రు. నాగర్‌కర్నూలోళ్ళు వీడియోనే పంపిండ్రు. నువ్వు నలుగురి కోసం ఊగుతున్నవు. ఆ కెమెరాలన్న తెరువమను, ఒక ఫొటో దీస్త."

"తెరవమనను సార్. వాళ్ళకు ఇష్టం లేదు."

"అట్లయితే విను. వచ్చే గురువారం కొత్తకోటల షుగర్ పరీక్ష పెడదం. పది మంది రాకుంటే క్లాసు బంద్."

క్లాసు బంద్ అంటే నా ఉద్యోగం పోవడం ఒకటే కాదు, ఖాలా మళ్ళీ మంచానికి అతుక్కుపోవడం. అయినా జనాన్ని పోగుచేయమని బతిమాలడం నా ఒంట్లో లేదు. "గురువారం పరగడుపున అందరూ మీ ఇంట్లో ఉండండి ఖాలా" అని మాత్రం చెప్పాను. నలుగురు వస్తారు, సార్ నవ్వుతాడు, ఆ నవ్వును ముసలిదాన్నయ్యేదాకా గుర్తుపెట్టుకోవాలి అని సిద్ధపడే సార్‌తో, పరీక్ష చేసే సిస్టర్‌తో కలిసి బస్సెక్కాను.

ఖాలా ఇంటి గడప దగ్గరికి రాగానే ఆగిపోయాను. గల్లీలో సగం దాకా చెప్పులు. ఇంట్లో ఎవరో పోయారనుకున్నాను. సార్ కూడా గొంతు తగ్గించి "వాపస్ పోదమా?" అన్నాడు. అంతలో పరదా పక్కకు జరిపి, పొట్టిగా, గుండ్రంగా, ఊతకర్ర లేకుండా ఒకావిడ నిలబడింది. గొంతు విన్నాక తెలిసింది ఖాలా అని. లోపల గోడ నుంచి గోడ దాకా ఆడవాళ్ళు.

"వీళ్ళంతా ఎవరు ఖాలా?"

"టైర్ వర్క్స్ మేం తొమ్మిది మందిమి. గాల్లు ఏడుగురు చికెన్ సెంటర్. పంక్చర్ ఆరుగురు, వెల్డింగ్ నలుగురు. ఒక్కొక్క ఇంట్ల ఒక్కటే ఫోను గదా, అందరం దాంట్లనే జూస్తం. నువ్వెప్పుడు అడిగినవ్?"

నిజమే. రెండు నెలలు నేనూ, మా సారూ ఫోన్లను లెక్కపెట్టాం కానీ మనుషులను అడగలేదు. నలుగురే వస్తారని సార్ తెచ్చిన పరీక్ష స్ట్రిప్పులు పన్నెండో పదమూడో. అవి అయిపోగానే వెనక నుంచి ఎవరో "పరగడుపున కూసున్నం సార్, జర జల్ది తెండ్రి" అన్నారు. ఫొటో సార్ స్వయంగా హైవే దాటి మెడికల్ షాపుకు పరిగెత్తాడు. ఆ పరుగు చూడటానికి నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. సిస్టర్ వేళ్ళు పొడిచి పొడిచి అలసిపోయింది. అందరికీ తగ్గలేదు. ముందురోజు పెళ్ళి భోజనానికి పోయొచ్చిన ఒకావిడకు పెరిగింది కూడా. కానీ ఖాలాకు తగ్గింది, చాలామందికి తగ్గింది. డాన్స్ ఒక్కటే కాదట. క్లాసుకు కలిసినప్పుడు 'గోలీ ఏసుకున్నవా' అని ఒకరినొకరు గద్దించుకోవడం కూడా పనిచేసిందట.

చివరికి సార్ ఫోన్ తీశాడు. ఖాలా చెయ్యి అడ్డం పెట్టింది. "మావి వద్దు సార్. మా చెప్పులకు దీసుకోండ్రి." ఆయన వంగి ఇరవై ఆరు జతల చెప్పుల ఫొటో తీసుకున్నాడు. ఆ నెల రిపోర్టులో బ్యానర్లన్నిటి కంటే ముందు అదే వెళ్ళింది, క్లాసు ఉండిపోయింది.

ఆ తర్వాత ఖాలా ఢోలక్ బయటికి తీసి, "ఇగ ఆడోళ్ళం ఆడుతం, మీరు జర బయట ఉండుండ్రి సార్" అని తలుపేసింది. ఇరవై ఆరు మంది మధ్య మొదటిసారి నేను ఆడాను. నాలుగు అడుగులేశానో లేదో ఇల్లంతా నవ్వు. వాళ్ళంతా కుడికి తిరుగుతుంటే, మాటలతో నేర్చుకున్న నేను మొత్తం ఎడమకే తిరుగుతున్నానట. "ఫర్వా లేదు బేటీ, మేం రోజూ నిన్ను జూసి నవ్వుకునేటోళ్ళం, గందుకే రోజూ అస్తుంటిమి" అంది వెల్డింగ్‌లో ఒకావిడ. (ఆ మాటా గుర్తుంది.) బయట మా సార్ ఎండలో నిలబడి చెప్పులకు కాపలా కాస్తున్నాడు.

ఇప్పుడు నాకు ఎందరి మీదో ఫిర్యాదులున్నాయి. తప్పు దిక్కుకు తిరుగుతూ, నవ్వేవాళ్ళతో కలిసి నవ్వుతున్న ఆ పిల్ల మీద ఒక్కటే ఉంది: ఒక్క క్షణం తలుపు తీసి సార్ మొహం చూసి ఉండాల్సింది. ఆటలో పడి మరిచిపోయింది. నేను మరిచిపోయింది జీవితంలో అదొక్కటే.