జూరా ఎజే గుర్రం డబ్బు

జూరా ఎజే గురించి మా ఊళ్లో ఎవరినడిగినా ముందు ఆమె గుర్రం సంగతే చెబుతారు. అసలు సంగతి చెప్పవలసినవాణ్ణి నేను. పదిహేనేళ్లు నోరు మెదపలేదు. ఇప్పుడైనా చెప్పకపోతే మనిషిని కాను.

ఎజే అంటే మాలో అక్క. గొర్రెలు ఈనే కాలంలో కొండ మీద పనిచేసే మనిషి ఆమె. ముప్పై ఏళ్లపాటు ఏటా ఏప్రిల్లో గుడారానికి వెళ్లేది, మే నెలాఖరుకు దిగేది. అడ్డం తిరిగిన పిల్లను తల్లి కడుపులోనే చేత్తో సరిచేసి బయటికి తీసేది. ఆ చాకిరీకి సర్కారు ఇచ్చిన పతకాలు మూడు, వంకరపోయిన వేళ్లు పది. మొగుడు ఎప్పుడో పోయాడు. కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు తుర్సునై, కనుమకు అవతల కాపురం.

మాలో ముసలివాళ్లు తమ చావుకు తామే సర్దిపెట్టుకుంటారు. పెట్టె అడుగున తెల్లబట్ట, వచ్చిన ఆడవాళ్లకు పీలికలుగా చింపి పంచే గుడ్డ, ఆ రోజు కోసి వండే గుర్రానికి డబ్బు. కొడుకులున్న ఇంట్లో గుర్రం సంగతి కొడుకులు చూసుకుంటారు. జూరా ఎజేకు ఆ దారి లేదు. అల్లుడి గుర్రాన్ని తిని జనం తన పేరు చెప్పుకుంటే తనకు సిగ్గని అనేది.

పంతొమ్మిదివందల తొంభైలో ఆమె పెట్టెలో రెండు గుర్రాల డబ్బుండేది. సోవియట్ దేశం ముక్కలయ్యాక ధరలు ఎలా లేచాయంటే, రెండేళ్లలో ఆ డబ్బుకు గొర్రె కూడా రాలేదు. ఉన్ని అమ్మి, నమదా తివాచీలు కుట్టి అమ్మి మళ్లీ పోగేసింది. తొంభైమూడు వసంతానికి నలభై వేల రూబుళ్లయ్యాయి. ఒక ముసలి గుర్రం కష్టం మీద వస్తుంది. చావు కూడా ప్రియమైపోయిందమ్మా అని నవ్వేది.

అప్పటికీ మా రూబుళ్లు మాస్కోలోనే అచ్చవుతున్నాయి. వాళ్లు నోట్లు పంపితే మాకు జీతాలు, పంపకపోతే జీతానికి బదులు పిండిబస్తా. అందుకని మా ప్రభుత్వం సొంత డబ్బు తెచ్చింది, సోము అని. తేవడం తప్పని నేననను. రెండు వందల రూబుళ్లకు ఒక సోము. మార్చుకోవడానికి గడువు మే పదో తారీకు నుంచి ఐదు రోజులు.

ఐదంటే ఐదు రోజులు. ఆ గడువు పెట్టిన పెద్దమనిషి జన్మలో ఒక్క గొర్రెనైనా చూశాడా? మే రెండో వారంలో మా ఊళ్లో ఎవరుంటారు? పసిపిల్లలు, పంతుళ్లు, మంచం పట్టినవాళ్లు. ఒళ్లొంచి పనిచేసేవాళ్లంతా కొండమీదే ఉంటారు. రేడియోలో చెప్పామన్నారు. కొండమీద రేడియోలకు బ్యాటరీలు దొరక్క ఏడాదైందని ఎవడూ చెప్పలేదు కాబోలు.

మా ఊరి మార్పిడి పని సాతిబల్ది అనే ఊరిపెద్ద చేతిలో పెట్టారు. బడిపంతులును కాబట్టి రాతకూ ముద్రకూ నన్ను కూర్చోబెట్టాడు. కొండమీదికి జీపు పంపుతానని మొదటి రోజే చాటింపు వేయించాడు. జీపు వెళ్లింది కూడా. అతని బావమరిది గుడారం దాకా వెళ్లి, అక్కడ భోంచేసి, ఆ ఒక్కడి నోట్లూ మార్చి వెనక్కొచ్చింది. అంతకు పైన కనుమలో మంచుందన్నాడు సాతిబల్ది. ఆ మంచులోంచే అరవైరెండేళ్ల ఆడమనిషి గుర్రమెక్కి ఒంటరిగా దిగివచ్చింది.

అది పదహారో తారీకు పొద్దున. గడువు తీరి రెండు రోజులు. బల్ల ఇంకా తీయలేదు. సోముల పెట్టె బల్లమీదే ఉంది, సాయంత్రం జిల్లాకు పంపాలి. జూరా ఎజే మూట తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె గోళ్ల సందుల్లో ఈత నెత్తురు ఇంకా పోలేదు.

"మార్చు తమ్ముడూ," అంది.

పక్కగదిలో టీ తాగుతున్న సాతిబల్ది తలుపు సందులోంచి నాకేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గడువైపోయింది ఎజే. ముద్ర కూడా జిల్లాకెళ్లిపోయింది," అన్నాను.

ముద్ర నా చొక్కా జేబులో ఉంది.

"ఈనుతున్న గొర్రెని సగంలో వదిలేసి రమ్మంటావా?" అంది. నా చేతుల్లో ఏమీ లేదన్నాను. ఆమె నా ముఖంకేసి కాదు, చొక్కాకేసి చూసింది. మూట తీసుకుని వెళ్లిపోయింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారిని నేనే. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఏ ఉద్యోగం? నెలకు ఒక పిండిబస్తా ఇచ్చే ఉద్యోగం. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

సరిహద్దుకు అవతల కజక్ వైపు ఇంకా రూబుళ్లు చెల్లుతున్నాయి కదా, బజారులో ఒకడు వాటిని నాలుగు వందలకు ఒక సోము చొప్పున కొన్నాడు. కొండ దిగినవాళ్లందరూ తిట్టుకుంటూనే అమ్మేశారు. జూరా ఎజే అమ్మలేదు. సగం గుర్రాన్ని కోస్తే వచ్చినవాళ్లకు తల వైపు పెట్టాలా, తోక వైపు పెట్టాలా అని అడిగింది. జులైలో మాస్కోవాళ్లు పాత నోట్లను వాళ్ల దేశంలోనే రద్దు చేశారు. చలికాలానికి కజక్ వాళ్లూ సొంత డబ్బు తెచ్చుకున్నారు. అటుపైన ఆమె మూట ఎక్కడా చెల్లని కాగితం. సాతిబల్ది ఆ ఎండాకాలమే ఇంటికి కొత్త రేకులు వేయించాడు. ఎక్కడివని అడిగినవాడు లేడు. నేనూ అడగలేదు.

మూడు చలికాలాలు మళ్లీ నమదాలు కుట్టింది. ఈసారి కాగితం దాచలేదు, ఆడ గుర్రప్పిల్లను కొంది. మొదట్లో నాలుగు సోములకు వచ్చిన డాలరు ఏడాది తిరిగేసరికి పది దాటింది. బడి ముందు నుంచి వెళ్తూ ఆగి, "ఇవాళ డాలరెంత తమ్ముడూ?" అని అడిగేది. చెబితే గుర్రం మెడ మీద తట్టి, "ఇది మాత్రం నిన్నెంతో ఇవాళా అంతే," అనేది. ఆమె ఎగతాళి చేసేది సోమునని అనుకునేవాణ్ణి.

పోయిన శరదృతువులో చనిపోయింది. ఆ గుర్రానికి పుట్టిన గుర్రాన్నే కోశారు. ఊరంతా తిన్నది. సాతిబల్ది రెండుసార్లు వడ్డించుకుని, బలిసిన గుర్రమని మెచ్చుకున్నాడు. తరవాత ఆడవాళ్లకు గుడ్డపీలికలు పంచారు. ప్రతి పీలిక కొసకూ ఒక ముడి, ముడిలో చెల్లని రూబుళ్ల నోటొకటి. అన్నీ బతికుండగా తన చేత్తోనే కట్టి పెట్టిందట. సాతిబల్ది పెళ్లాం ముడి విప్పి నోటు అతని ఒళ్లో పడేసింది. అతను టోపీ మరిచిపోయి మరీ లేచి వెళ్లిపోయాడు.

మగవాళ్లకు పీలిక ఇవ్వడం మాలో లేదు. అయినా తుర్సునై ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే రెండు వందల రూబుళ్ల నోటు.

"మీకని అమ్మ వేరేగా కట్టి ఉంచింది అన్నా. ముద్ర తిరిగొచ్చిందేమో అడిగి, వచ్చుంటే ఒక సోము ఇప్పించుకోమంది."