మద్రాసు మీద గుండుసూది

పురానాపూల్ దగ్గర ఎల్లప్ప తివాచీల ఎగుమతి ఆఫీసులో గుమాస్తా రాజరాజేశ్వరి ఫోనెత్తిందంటే సందులోని రిక్షావాళ్ళకు కూడా మద్రాసు రేవు కబుర్లు తెలిసిపోయేవి. కొంగు నడుముకు దోపి, ఒక చెవి అరచేత్తో మూసుకుని, నిలబడే అరిచేది. గోడమీది పటంలో ఒక్కో కంటెయినరు పెట్టెకు ఒక్కో గుండుసూది, అదెక్కడుంటే అక్కడ. పెట్టెను కళ్ళారా చూసినవాడు చెబితే తప్ప సూది కదిపేది కాదు.

ఆవేళ మద్రాసు ఏజెంటు “పెట్టె ఓడెక్కేసిందండీ” అన్నాడు. ఆ ఓడ తప్పితే లండను బేరం పోయి మగ్గాలు ఆగిపోతాయని బెంగపడుతున్న ఎల్లప్ప, సంబరంగా సూది పీకి సముద్రంలో గుచ్చాడు. “ఎక్కిందంటుండు కదమ్మా, ఇంకేం ఫికర్?” రాజరాజేశ్వరి దాన్ని తీసి మళ్ళీ మద్రాసు మీదే గుచ్చింది. “ఎవరు చూశారండీ?” అని ఫోనులో అడిగింది. అవతల నసుగుడు. “యార్డు మీ పక్కనేగా, చూసి రండి. నేను లైన్లోనే ఉంటాను.” ట్రంకుకాల్ ఆపరేటరు టైమైందన్నప్పుడల్లా “పొడిగించండి” అంది. చివరికి ఏజెంటు వగరుస్తూ మళ్ళీ లైన్లోకి వచ్చాడు. పెట్టె యార్డులోనే ఉంది. ఓడ సాయంత్రానికి వెళ్ళిపోతుంది. “అయితే దగ్గరుండి ఎక్కించండి. ఎక్కాకే ఫోను చెయ్యండి.”

పొద్దుగూకేవేళ ఫోను మోగింది. ఆమె విని తలూపింది. ఎల్లప్ప ఒక్క అంగలో పటం దగ్గరికెళ్ళి, సూది మీద చెయ్యి వేసి, ఆగిపోయాడు.

“ఎవరు చూసిండ్రంటమ్మా?”