మండీబజార్‌లో మా నాయన వెళ్లే ఇల్లు

మాది హనుమకొండలో చీరల దుకాణం. తెలుగు పంతులుగా రిటైరైన మా నాయన నిరుడు మా దగ్గరికొచ్చాక, రోజూ మధ్యాహ్నం ఎటో వెళ్లేవాడు. అడిగితే "జర తిరిగొస్తా" అనేవాడు. మండీబజార్‌లో ఓ మౌలానా ఇంట్లోకి వెళ్తుంటే చూశానని పక్క దుకాణపాయన చెప్పాడు. ఆ మౌలానా పేరున్న పండితుడు, మసీదు పెద్ద. "మతం మారుస్తాండేమో, చూసుకో అక్కా" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మర్నాడు నాయన వెనకే వెళ్లి, తలుపు తోసి, "మా నాయనను ఏం చేస్తాండ్రు?" అని గట్టిగానే అడిగాను.

మౌలానా లేచి తన కుర్చీ నాకిచ్చాడు. "మసీదుకొచ్చే పిల్లలకు ఉర్దూ సరిగ సమజైతలేదు బిడ్డా. ఇగ శుక్రవారం నమాజుకు ముందు ప్రసంగం తెలుగుల్నే చెప్దామనుకున్న. మీ నాయన నా తప్పులు దిద్దుతాండు."

"నాకెందుకు చెప్పలే?" అని నాయనను అడిగాను.

"చెప్తే రానిస్తుంటివా?" అన్నాడు.

తలుపు పక్కన నడివయసు మనిషొకాయన నన్నే అనుమానంగా చూస్తున్నాడు. "మా పెద్దోడు" అన్నాడు మౌలానా. "ఈ పంతులు రోజూ ఎందుకొస్తాండో చూద్దామని వాడు సుత ఇయ్యాల్నే వచ్చిండు."

అనుమానం మా ఒక్క ఇంట్లోనే లేదని అప్పుడు తెలిసింది. ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూడలేక చాయ్ తాగాం. పెద్దవాళ్లిద్దరూ మమ్మల్ని మరిచిపోయి, 'ల' ఎక్కడ, 'ళ' ఎక్కడ అని మళ్లీ మొదలుపెట్టారు.